పొగకూ ఒక పాస్‌బుక్కు

పోయిన సంచికలో ఈ పేజీ అడుగున నాలుగు లైన్లు రాశాను. అమెరికాలో కరెంటు ప్లాంట్లు పొగ వదిలే పర్మిట్లను ఒకళ్ల దగ్గర ఒకళ్లు కొనుక్కుంటాయి, అమ్ముకుంటాయి, ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో చూసుకోవడానికి ఒక సర్కారీ ఖాతా పుస్తకం కూడా ఉంది, మామూలు మనిషి కూడా ఒకటి కొని వాడకుండా పెట్టేసుకోవచ్చు, వింతగా ఉంది కదూ అని. ఖాళీ జాగా నింపడానికి రాసిన ముక్క అది. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. కొందరు నమ్మలేదు, కొందరు తిట్టారు, ఒకాయన అయితే తాను రోజూ చేసే పనే అదన్నారు. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే. మోకాళ్ల నొప్పులు, పాస్‌పోర్టు ప్రశ్నలు పంపినవాళ్లు ఒక నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర పల్లె, తాతల కాలంలోనే మగ్గాల పని మీద సూరత్ వచ్చేశాం. నేను ఇక్కడ ఒక డైయింగ్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. మా బాయిలర్ పొగగొట్టానికి మీటరు పెట్టారు, అది చూపించే దుమ్ముకు కిలోల లెక్కన పర్మిట్లు కొంటున్నాం, మిగిలితే అమ్ముతున్నాం. స్క్రీన్ మీద ఒక అంకె తప్ప చేతికి కాగితం ముక్క రాదు. ఒకే పర్మిట్‌ను ఇద్దరికి అమ్మేస్తే ఎవరికి తెలుస్తుందండీ? (సూరత్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మన ఊళ్లలో ఒకే ప్లాటును ఇద్దరికి రిజిస్టర్ చేసిన కథలు విన్నవాళ్లకే ఈ డౌటు వస్తుంది. ప్లాటు అయితే కనీసం వెళ్లి నిలబడి చూడొచ్చు. పొగ పర్మిట్‌కు ఆ వీలు కూడా లేదు, అది ఖాతాలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అంటే ఇక్కడ పుస్తకమే పొలం.

ఈ పుస్తకాన్ని పెద్ద ఎత్తున మొదట రాసింది అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ. అక్కడ బొగ్గు ప్లాంట్ల గొట్టాల నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో వందల మైళ్లు పోయి ఆమ్ల వర్షంగా పడేది, న్యూయార్క్ రాష్ట్రంలో అడిరోండాక్ కొండల చెరువుల్లో చేపలు చచ్చిపోయేవి. 1990లో క్లీన్ ఎయిర్ చట్టాన్ని సవరించి, దేశం మొత్తం మీద కరెంటు ప్లాంట్లు ఏడాదికి ఇన్ని టన్నులకు మించి వదలకూడదని గిరి గీశారు. ఆ మొత్తాన్ని టన్నుకు ఒకటి చొప్పున పర్మిట్లుగా చేసి, 1985-87 మధ్య ఏ ప్లాంటు ఎంత ఇంధనం కాల్చిందో ఆ సగటు పట్టుకుని పంచారు. వాళ్లు దీన్ని అలవెన్స్ అంటారు. మనకు అలవెన్స్ అంటే టీఏ, డీఏ గుర్తొస్తాయి కాబట్టి నేను పర్మిట్ అనే అంటాను.

1994లో అలవెన్స్ ట్రాకింగ్ సిస్టమ్ పేరుతో ఖాతాల పుస్తకం తెరిచారు. ప్రతి పర్మిట్‌కూ ఒక సీరియల్ నంబరు, ఏ ఏడాది నుంచి వాడుకోవచ్చో ఆ ఏడాది ముద్ర. 1997 ముద్ర ఉన్నది 1997లో వాడొచ్చు, దాచుకుని 2003లో కూడా వాడొచ్చు, 1996కి మాత్రం పనికిరాదు. ముందు ముందు 30 ఏళ్లకు రావలసినవి కూడా ఖాతాల్లో ఎక్కించి పెట్టేవారు. ప్రతి ఖాతాకూ సంతకం పెట్టే మనిషి ఒక్కడు, అతనికి బదులుగా ఇంకొకడు, అంతే. అమ్మేవాడి తరఫున ఆ సంతకం వస్తే ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా ఈ ఖాతాలో కొట్టేసి ఆ ఖాతాలో రాస్తారు. ఒక నంబరు ఒక సమయంలో ఒక్క ఖాతాలోనే ఉంటుంది కాబట్టి డబుల్ రిజిస్ట్రేషన్‌కు చోటు లేదు. మొదట్లో ఇదంతా కాగితపు ఫారాల మీదే నడిచింది, ఆన్‌లైన్‌లో మార్చుకునే వీలు 2001 చివర్లో వచ్చింది.

అకౌంట్స్ మనిషి కాబట్టి మీకు నచ్చే సంగతి ఇంకొకటి చెబుతాను. ఆ పుస్తకంలో ధర కాలమ్ లేదు. ఎంతకు అమ్మావు అని ఈపీఏ అడగదు, ఎవరి దగ్గర నుంచి ఎవరికి ఎన్ని వెళ్లాయి అన్నదే దాని పని. ధర సంగతి బ్రోకర్లు చూసుకునేవారు. ఏడాది చివర, వదిలిన పొగకు సరిపడా పర్మిట్లను ఖాతాలోంచి కోసేటప్పుడు ఫలానా నంబర్లు కోయండి అని ప్లాంటు చెప్పకపోతే, ముందొచ్చినవి ముందు కోస్తారు, మీ ఫస్ట్ ఇన్ ఫస్ట్ అవుట్ పద్ధతే.

మీ సూరత్‌లోనూ దారి అదే, కాకపోతే అక్కడ టన్ను, ఇక్కడ కిలో. 2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి దీన్ని మొదలుపెట్టింది, పొగలోని దుమ్ము కణాలకు. ఎక్కువ భాగం పర్మిట్లు ఉచితంగా ఇచ్చి కొన్ని వేలం వేస్తారు, ఆపై అమ్మకాలు, కొనుగోళ్లు సరుకుల ఎక్స్ఛేంజీ ఎన్‌సీడీఈఎక్స్ వారి ఎలక్ట్రానిక్ మార్కెట్‌లో. ధర కిలోకు 5 రూపాయల కంటే తగ్గకుండా, 100 కంటే పెరగకుండా కట్టడి పెట్టారు. కాగితం రాలేదని టెన్షన్ పడకండి, షేర్లకు కూడా ఇప్పుడు కాగితం ఎక్కడుంది? ప్రతి వారం మీ ఖాతా నిల్వను మీరు కొన్న, అమ్మిన పద్దులతో సరిచూసుకోండి. తేడా వస్తే ఆ రోజే రాతపూర్వకంగా అడగండి, గడువు ముగిశాక అడిగితే వినేవాడు ఉండడు.

ప్రశ్న: డబ్బున్నవాడు పర్మిట్ కొనుక్కుని హాయిగా పొగ వదులుతాడు, పక్కనున్న బస్తీవాళ్లు దగ్గుతూ చస్తారు. దీన్ని మీరు మెచ్చుకుంటూ రాయడం ఏమీ బాగాలేదు. (కాకినాడ నుంచి ఒక టీచరు)

జవాబు: మెచ్చుకోలేదు మేడం, వింతగా ఉందన్నాను. మీ కోపంలో సగం న్యాయం ఉంది. కానీ పర్మిట్ల పద్ధతి రాకముందు ఆ పొగ ఉచితంగానే వదిలేవారు కదా! మొత్తం మీద గిరి గీసిన తర్వాత ఒకడు ఒక టన్ను ఎక్కువ వదలాలంటే ఇంకెక్కడో ఒకడు ఒక టన్ను తగ్గించి ఉండాలి, లేదా అంతకుముందే తగ్గించి దాచిపెట్టి ఉండాలి. అమెరికా కరెంటు ప్లాంట్లు 1990లో దాదాపు 1 కోటి 57 లక్షల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వదిలాయి, 2010కి అది 51 లక్షల దగ్గరికి దిగింది, గిరి 89.5 లక్షలైతే దానికంటే కూడా బాగా కిందికి. ఈ పేరంతా పర్మిట్లకే ఇవ్వకూడదు లెండి. రైలు ఛార్జీలు తగ్గి వ్యోమింగ్ రాష్ట్రం నుంచి గంధకం తక్కువున్న బొగ్గు చవకగా దొరకడం, తర్వాత ఇంకా గట్టి రూల్స్ వస్తున్నాయని ప్లాంట్లు ముందే పొగలోంచి గంధకాన్ని కడిగేసే స్క్రబ్బర్లు పెట్టుకోవడం కూడా ఉన్నాయి.

బస్తీ సంగతి వేరే. ఖాతాలో ఎన్ని పర్మిట్లున్నా సరే స్థానికంగా గాలి ఎంత బాగుండాలన్న రూల్ అమెరికాలో అలాగే ఉంది, పర్మిట్ చూపించి దాన్ని దాటడానికి లేదు. పైగా సల్ఫర్ డయాక్సైడ్ చాలా దూరం పోయే సరుకు, ఎక్కడ తగ్గినా ఎంతో కొంత అందరికీ లాభమే. బాయిలర్ దుమ్ము అలా కాదు, ఎక్కువగా ఆ చుట్టుపక్కలే పడుతుంది. కాబట్టి మీ ప్రశ్న అమెరికా కంటే సూరత్‌కే ఎక్కువ సూటిగా తగులుతుంది, ఆ మార్కెట్‌ను పొగిడేవాళ్లు దీనికి జవాబు చెప్పాల్సిందే అని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను థర్మల్ ప్లాంటులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను, ఎక్కడో రాయకండి. ఇన్‌స్పెక్షన్ అని ముందురోజే తెలిసేది, ఆ రోజు లోడు తగ్గించేవాళ్లం, పొగలో దుమ్మును పట్టే ఈఎస్పీ ఫీల్డులన్నీ ఆన్‌లో ఉండేవి, గొట్టం మీద పొగే కనపడేది కాదు. వాళ్లు వెళ్లగానే మామూలే. ఇలాంటి చోట పర్మిట్ల పుస్తకం ఎంత నీట్‌గా రాస్తే మాత్రం ఏం లాభం? (పేరు, ఊరు వద్దన్న పాఠకుడు)

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చింది మీదేనండీ. నిజానికి ఆ పుస్తకానికి రెండు వైపులుంటాయి. ఒక వైపు ఎవరి దగ్గర ఎన్ని పర్మిట్లు, ఇంకో వైపు ఎవరి గొట్టం నుంచి ఎంత పొగ. మొదటి వైపు ఎంత మెరిసినా రెండో వైపు అబద్ధమైతే మొత్తం అబద్ధమే.

అమెరికాలో ఈ రెండో వైపు కోసమే ఎక్కువ తంటాలు పడ్డారు. బొగ్గు కాల్చే ప్రతి గొట్టానికీ ఎప్పుడూ ఆన్‌లో ఉండే మీటరు, గ్యాస్ గాఢతకు ఒకటి, గొట్టంలో ఎంత గాలి పోతోందో చూసే ఫ్లో మీటరు ఒకటి. గంట గంటకూ లెక్క, మూడు నెలలకోసారి ఈపీఏకు ఫైలు. అందరికీ ఒకే రకం ఫార్మాట్ కావడంతో కంప్యూటరే తప్పులు పట్టేది, ఆ గంటల లెక్కలు ఎవరైనా తీసి చూసుకునేలా బయట పెట్టారు. ఇందులో నాకు భలే అనిపించింది మీటరు పాడైతే ఏం చేస్తారన్నది. మీటరు పనిచేయని గంటలను సున్నా అని వదిలేయరు. ఖాళీ కొంచెమైతే దానికి అటూ ఇటూ ఉన్న గంటల సగటు వేస్తారు, ఖాళీ పెరిగేకొద్దీ, మీటరు మాటిమాటికీ మొరాయించేకొద్దీ ఇదివరకు నమోదైన పెద్ద పెద్ద అంకెలు తెచ్చి ఆ గంటల్లో పెడతారు. అంటే మీటరు చెడగొట్టుకున్నవాడి లెక్కలో పొగ పెరుగుతుంది, వాడి పర్మిట్లే ఎక్కువ కరుగుతాయి. దాంతో మీటరు బాగుండాలన్న ఆరాటం ప్లాంటువాళ్లకే పుట్టింది. మీరు చెప్పిన ఇన్‌స్పెక్షన్ రోజు నాటకం దీని ముందు చెల్లదు, ఎందుకంటే ఏడాదిలో 8,760 గంటలూ ఇన్‌స్పెక్షనే.

మన దేశంలో ఈ విషయం మీద ఒక గట్టి పరిశోధన జరిగింది, అదీ గుజరాత్‌లోనే. అక్కడ ఫ్యాక్టరీల కాలుష్యాన్ని కొలిచే ప్రైవేటు ఆడిటర్లను ఫ్యాక్టరీలే పెట్టుకుని ఫ్యాక్టరీలే ఫీజు ఇచ్చేవి. ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ రయాన్ అనే ఆర్థికవేత్తలు చూస్తే ఆ రిపోర్టుల్లో అంకెలు విడ్డూరంగా రూల్ దాటకుండా సరిగ్గా గీత కిందే వచ్చి ఆగుతున్నాయి. కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిటర్‌ను లాటరీలా కేటాయించి, ఫీజు ఫ్యాక్టరీ చేతి నుంచి కాకుండా ఒకే నిధిలోంచి ఇచ్చి, వాళ్లు కొలిచినచోట మళ్లీ వేరేవాళ్లతో కొలిపించారు. ఆడిటర్లు నిజం రాయడం మొదలుపెట్టారు, వాళ్లు నిజం రాయడంతో ఆ ఫ్యాక్టరీలు కాలుష్యం కూడా తగ్గించాయి. 2013లో అచ్చయిన పరిశోధన ఇది. మనుషులు మారలేదు, జీతం ఇచ్చే చెయ్యి మారింది.

సూరత్ మార్కెట్‌కు ముందు ఇంత కథ ఉంది. ముందు గొట్టాలకు మీటర్లు పెట్టి, వాటిని చేత్తో తీసిన శాంపిళ్లతో సరిచూసి, ఆ తర్వాతే పర్మిట్లు ఇచ్చారు. 300 పైచిలుకు ఫ్యాక్టరీల్లో సుమారు సగాన్ని లాటరీ తీసి మార్కెట్‌లో పెట్టారు, మిగతావాటిని పాత పద్ధతిలోనే ఉంచి రెంటినీ పోల్చారు. మార్కెట్‌లో ఉన్నవాటి దుమ్ము 20 నుంచి 30 శాతం దాకా తక్కువని తేలింది. దుమ్ము మీటర్లు సల్ఫర్ మీటర్ల కంటే పేచీ సరుకు, క్యాలిబ్రేషన్ అటూ ఇటూ అవుతుంది, ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఏడాది చివర పర్మిట్లు చాలకపోతే? ఫైన్ కట్టేసి చేతులు దులుపుకోవచ్చా? (అనంతపురం నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: దులుపుకోలేరు. అమెరికాలో ఏడాది ముగిశాక కొంత గడువు ఇస్తారు, మొదట 30 రోజులు ఉండేది, తర్వాత మార్చి 1 దాకా పెంచారు. ఆలోపు కొనుక్కోవాలి. ఆ తర్వాత పొగ లెక్క, పర్మిట్ల లెక్క పక్కపక్కన పెట్టి కోస్తారు. ఒక ప్లాంటు 10,000 టన్నులు వదిలింది, ఖాతాలో 9,900 పర్మిట్లే ఉన్నాయనుకో. తగ్గిన 100 టన్నులకు టన్నుకు 2,000 డాలర్ల చొప్పున 2 లక్షల డాలర్లు కట్టాలి, అదీ 1990 నాటి రేటు, ధరల పెరుగుదలతో పాటు పెరుగుతూ పోతుంది. కట్టినా వదలరు, తర్వాతి ఏడాది పర్మిట్లలోంచి ఆ 100 కూడా కోసుకుంటారు. మార్కెట్‌లో పర్మిట్ వంద, రెండు వందల డాలర్లకు దొరుకుతున్న రోజుల్లో ఎవడు ఫైన్ దాకా వెళ్తాడు? సూరత్‌లో కూడా ముందే డిపాజిట్ కట్టించుకుని, తగ్గిన ప్రతి కిలోకూ గరిష్ఠ ధరకు రెట్టింపు, అంటే 200 రూపాయలు, అందులోంచి కోసేలా పెట్టారు. కోర్టు చుట్టూ తిరగక్కర్లేని ఫైన్ కాబట్టే పనిచేసింది.

ప్రశ్న: నేను సైబర్ సెక్యూరిటీలో పనిచేస్తాను. అంకెలు మాత్రమే ఉండి వాటికి డబ్బు విలువ ఉంటే ఎవరో ఒకరు కొట్టేసి ఉండాలే! (హైదరాబాద్ నుంచి)

జవాబు: కొట్టేశారు, యూరప్‌లో. 2005లో కార్బన్ డయాక్సైడ్ పర్మిట్లతో మొదలైన అక్కడి కార్బన్ మార్కెట్‌లో మొదట్లో ఏ దేశం పుస్తకం ఆ దేశానిదే, తాళాలు కూడా ఎవరివి వాళ్లవే. 2010 మొదట్లో ఖాతాదారులకు దొంగ మెయిళ్లు పంపి పాస్‌వర్డ్‌లు లాగారు. అదే ఏడాది చివర్లో రొమేనియాలో ఒక సిమెంట్ కంపెనీ ఖాతా నుంచి 16 లక్షల పర్మిట్లు మాయం. 2011 జనవరిలో ప్రాగ్‌లో జరిగింది మాత్రం అచ్చం సినిమానే. చెక్ దేశపు ఖాతా పుస్తకం ఉండే రిజిస్ట్రీ ఆఫీసుకు బాంబు పెట్టామని ఫోన్ వచ్చింది, అందరూ బయటికి పరిగెత్తారు. మర్నాడు చూస్తే ఒక ఖాతాలో సుమారు 4 లక్షల 75 వేల పర్మిట్లు లేవు, విలువ దాదాపు 70 లక్షల యూరోలు. యూరోపియన్ కమిషన్ జనవరి 19న అన్ని దేశాల పుస్తకాల్లోనూ బదిలీలు ఆపేసింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. దొంగిలించినవాటి సీరియల్ నంబర్లు బయటపడేసరికి కొన్నవాళ్లంతా మా దగ్గర ఉన్నది దొంగ సరుకేమో అని వణికారు, నిక్షేపంలాంటి పర్మిట్లు కూడా కొనేవాడు లేడు. అప్పుడు వాళ్లు చేసింది అమెరికాకు పూర్తిగా తలకిందులు. నంబర్లు ఖాతాదారులకు కనపడకుండా చేసి, తెలియక మంచి మనసుతో కొన్నవాడిదే పర్మిట్ అని రూల్ రాశారు. మనం పచారీ కొట్లో పుచ్చుకున్న నోటు నంబరు చూడం కదా, అలాగన్నమాట. దేశానికో పుస్తకం తీసేసి 2012లో ఒకే పుస్తకం చేశారు, బదిలీకి ఇద్దరి ఆమోదం, నమ్మకమైన ఖాతాల జాబితా, 26 గంటల ఆలస్యం వంటివి తెచ్చారు. మీ వృత్తిలో వాళ్లకు ఇవన్నీ ముందు రోజే తట్టి ఉండేవి.

హ్యాకింగ్ లేకుండా కూడా ఒక తమాషా జరిగింది. 2010లో హంగరీ ప్రభుత్వం, కంపెనీలు అప్పటికే వాడేసి అప్పగించిన పర్మిట్లకు బదులుగా చెల్లే ఒక రకం కార్బన్ క్రెడిట్లు సుమారు 20 లక్షలు తీసి అమ్మేసింది, యూరప్ మార్కెట్‌లోకి రాకూడదని షరతు పెట్టి. అవి చేతులు మారి మారి మళ్లీ యూరప్ మార్కెట్‌కే వచ్చాయి. చింపిన బస్సు టిక్కెట్టు మళ్లీ కండక్టర్ చేతికే వచ్చినట్టు. ఈ పర్మిట్ల అమ్మకాల మీద వ్యాట్ ఎగవేసిన ముఠాలది ఇంకో పెద్ద కథ, 500 కోట్ల యూరోల దాకా పన్ను నష్టమని యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ లెక్క కట్టింది.

ప్రశ్న: తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటిది ఉందా? (నల్గొండ నుంచి)

జవాబు: సూరత్‌లా దుమ్ముకు లేదు. కానీ 2010 ప్రాంతంలో ఈ ఆలోచనను ఢిల్లీలో ముందుకు తోసిన పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ అప్పట్లో ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభ సభ్యుడు. మీ జిల్లాకు దగ్గరగా వచ్చేది కార్బన్ మార్కెట్. 2023లో కేంద్రం నోటిఫై చేసిన ఈ పథకంలో సిమెంట్ రంగం ఉంది, మీ చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంట్ ఫ్యాక్టరీలే కదా. ఇక్కడ మొత్తం మీద గిరి లేదు, టన్ను సరుకు తయారీకి ఇంత కార్బన్ అన్న లెక్క. దానికంటే తగ్గించినవాడికి టన్నుకు ఒక సర్టిఫికెట్. ఆ పుస్తకం రాసేది గ్రిడ్ కంట్రోలర్ ఆఫ్ ఇండియా, కరెంటు గ్రిడ్ నడిపే సంస్థే. సరుకు ఎక్కువ తయారైతే మొత్తం పొగ కూడా పెరగొచ్చు, అది మర్చిపోకండి.

ప్రశ్న: అమెరికాలో మామూలు మనిషి కూడా పర్మిట్ కొని వాడకుండా పెట్టేసుకోవచ్చని రాశారు. మా పాప పుట్టినరోజుకు ఒక టన్ను కొందామనుకుంటున్నాం. ఎలా? (ఒహాయో నుంచి ఒక తెలుగు అమ్మ)

జవాబు: కొనొచ్చు, ఎవరైనా ఖాతా తెరవొచ్చు. స్కూలు పిల్లలు, లా కాలేజీ విద్యార్థులు చందాలు వేసుకుని కొన్నారు, ఈపీఏ ఏటా వేలం కూడా వేసేది. 1993లో మొదటి వేలంలో టన్ను 131 నుంచి 450 డాలర్ల దాకా పలికింది, 2005 చివర్లో 1,600 దాకా ఎగబాకింది. తర్వాత 2008లో ఒక కోర్టు తీర్పుతో, పొగను ఇంకా తగ్గించాలన్న రూల్ కొట్టుకుపోయి ధర పడింది, ఆపైన మరో రూల్ వేరే రకం పర్మిట్లతో వచ్చేసరికి ఈ పాతవాటిని అడిగేవాడు లేకపోయాడు. 2012 వేలం నాటికే టన్ను డాలరు లోపు. కాబట్టి మీరు ఒకటి కొని దాచినా ఏ ప్లాంటుకూ పొగ తగ్గించాల్సిన అవసరం పడదు, వాళ్ల ఖాతాల్లో కుప్పలున్నాయి. ఇంకో మాట, ఆ చట్టంలోనే ఇది ఆస్తి హక్కు కాదని రాసి పెట్టారు, కాబట్టి పాప పేర ఆస్తి రాశామని చెప్పుకోవడానికి కూడా లేదు. కేకు కొనండి, డాలరు లోపు దొరికే పర్మిట్ కోసం ఖాతా తెరిచే ఫారాలు నింపేసరికి వచ్చే పుట్టినరోజు వచ్చేస్తుంది.